కాడి దించని బండి

సామి పెట్టె బండెక్కిందంటే గుడి చేరేదాకా కాడి దించకూడదు. తమిళనాట తరతరాలుగా ఉంటున్న ఆ తెలుగు వంశంలో ఎడ్లబండ్ల నాటినుంచీ వస్తున్న కట్టు అది. కులదైవం కొలువున్న ఆ పెట్టె ఏడాదంతా విరుదునగర్‌లో ఏదో ఒక దాయాది ఇంట్లో ఉంటుంది. శివరాత్రి పొద్దున బయల్దేరి, కోవిల్‌పట్టి ఇవతల నల్లరేగడి పొలాల నడుమనున్న గుడికి రావాలి. దోవలో ఎడ్లు నీళ్ళు తాగవచ్చు, అలుపు తీర్చుకోవచ్చు, కాడి మాత్రం మెడమీద ఉండవలసిందే. ఎడ్లు పోయి కారు వచ్చిన ఏడు పెద్దలంతా కూర్చుని, కారుకు కాడి ఏదిరా అని పొద్దుగూకేదాకా కొట్లాడుకుని, చివరికి ఇంజనే కాడి అని తేల్చారు. అందుకని పెట్టె ఎక్కిన కారు నిలవవచ్చు, కదలవచ్చు, ఇంజను మాత్రం ఆగకూడదు.

ఊరికే నిలబడ్డ కారు కూడా డీజిలు తాగుతుందన్న సంగతి ఆ పెద్దలకు తోచలేదో, తోచినా సామి చూసుకుంటాడులే అనుకున్నారో తెలియదు. బృందకు మాత్రం ఆ పొద్దున అదే పట్టుకుంది.

ఆమె స్టీరింగు ముందు కూర్చుని, మీటర్ల నడుమ వెలుగుతున్న అంకెను చూస్తోంది. ఉన్న డీజిలుతో ఇంకెంత దూరం పోవచ్చో చెప్పే అంకె అది. నిన్న సాయంత్రం మొగుడు సతీష్‌కుమార్ కోవిల్‌పట్టినుంచి హైవేమీద ఒకే పోకడన వచ్చి విరుదునగర్‌లో కారు నిలిపినప్పుడు నూటనలభై చూపించింది. "పోవలసింది యాబై. దానికి రెండింతలపైన ఉండాది. బంకులో కాసుకోవడం ఎందుకు?" అన్నాడు. ఇప్పుడు తొంభైఆరు. కారు ఇంకా వీధి మలుపు కూడా దాటలేదు.

పెట్టె గడప దాటే వేళకు ఇంజను ఆడుతూ ఉండాలని తెల్లారగానే స్టార్టు చేయించారు. తీరా పూజారి రావడం ఆలస్యమైంది, ఆ తర్వాత పూలమాల చాలదని ఇంకోటి తెప్పించారు. ఉపవాసమున్న వంశపెద్దకు ఎండ తగలకూడదని ఏసీ వేసి ముందు సీట్లో కూర్చోబెట్టారు. ఆ కారుకు ఇంకో గుణం కూడా ఉంది: బ్రేకు తొక్కి నిలిపితే డీజిలు మిగల్చడానికి తనంతట తానే ఇంజను ఆపేసుకుంటుంది. కంపెనీవాడు చెప్పే మైలేజీలో దాని పాలూ ఉంది. బృంద ఎక్కగానే చేసిన మొదటి పని మీట నొక్కి ఆ గుణాన్ని చంపెయ్యడం. అది గాని నడిబజార్లో తన తెలివి చూపించిందంటే ఇంకేమైనా ఉందా?

అసలు ఆడమనిషి పెట్టెబండి తోలడమే పెద్ద రగడ. తోలేవాళ్ళు ఆ ఇంటివాళ్ళే అయివుండాలి, నిష్ఠ పట్టివుండాలి. ఈ ఏడు పెట్టె తెచ్చే వంతు సతీష్‌ది గనక వాడు పెట్టెను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. ఇంట్లో ఇక తోలగలిగింది బృందే. వంశానికి పెద్ద అయిన దామోదరసామి, అంటే సతీష్ పెదనాయన, "ఆడది కాడి పట్టడమా?" అని తలడ్డంగా ఊపాడు. అప్పుడు బృంద అత్త నాగమ్మాళ్ దాయాదులందరి ఎదుటా లేచి నిలబడింది. "నా కోడలు పడతాది. నడి దోవలో వండి ఆగిందో, ఇక ఎప్పటికీ మా ఇంటికి పెట్టె వంతు వద్దు. నేనే చెప్తా ఉండాను" అంది, బండిని వండి అనే ఆ వైపు తెలుగులో. అన్న మాట అందరూ విన్నారు. పొంగలి పెట్టడానికి ఆమె నిన్ననే గుడికి పోయింది.

బృంద మళ్ళీ అంకె చూసింది. తొంభైఐదు.

పెట్టె వచ్చింది. ఎర్రగుడ్డ కప్పిన పాతకాలపు టేకు పెట్టె. దాన్ని ఒళ్ళో పెట్టుకుని సతీష్ వెనక సీట్లో కూర్చున్నాడు. పక్కన దీపపు బుట్టతో గోపాలకృష్ణన్ ఎక్కాడు. సతీష్‌కు అన్న వరస దాయాది, ఏడాదిగా పెట్టె ఉన్నది అతనింట్లోనే. ముందు సీట్లో దామోదరసామి గంట మోగించాడు. డప్పులు ముందు నడిచాయి, కారు వాటి వెనక పాకింది.

విరుదునగర్ వీధుల్లో ప్రతి దాయాది ఇంటిముందూ ఆగాలి. కొబ్బరికాయ, కర్పూరం, పిల్లల నొసట విబూది, మళ్ళీ పది గజాలు, మళ్ళీ నిలవడం. బ్రేకు మీద కాలు తీస్తే తనంతట తానే ముందుకు జరిగే కారు అది. అట్లా జరిగినప్పుడల్లా అంకె మెట్టు దిగుతోంది. తొంభై. ఎనభైమూడు. డెబ్భైఒకటి.

"ఏమిరా సతీషూ," అన్నాడు గోపాలకృష్ణన్, ఊసుపోక. "వండి లీటరుకు ఎంతిస్తాది?"

"ఇరవై."

"ఆటోమేటిక్కా? ఇరవయ్యా? గేరు నేనే మార్చుకునే నా పాత వండే పద్దెనిమిది దాటదు గదరా! నీది గాలి తాగి పోతాదా?"

"కంపెనీవాడే పంతొమ్మిదని వేసుండాడు అన్నా."

"వాడు వేసింది పంతొమ్మిది, నీకొచ్చేది ఇరవై. అయితే ఆ కంపెనీవాడు నీ దగ్గరికొచ్చి నేర్చుకోవాల!"

దామోదరసామి ముసిముసిగా నవ్వాడు. బృంద అద్దంలో మొగుడి మొహం చూసింది. ఎర్రగుడ్డ మీద గడ్డం ఆనించి, గర్వంగానే ఉన్నాడు.

ఈ ఇరవై గురించి ఆ ఇంట్లో జరిగిన కొట్లాటలు ఇన్నీ అన్నీ కావు. బైకు మీంచి పడి ఎడమ మోకాలు చెడి, క్లచ్చు తొక్కలేక సతీష్ ఆటోమేటిక్ కొన్నాడు. కొన్నాక దాన్ని రోజూ తోలేది మాత్రం బృంద. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పడానికి కోవిల్‌పట్టి బజారు దాటి, రైల్వే గేటు దగ్గర కాసుకుని, బస్సుల వెనక పాకుతూ పోతుంది. టాంకు నిండా పోయించి, మళ్ళీ నిండా పోయించేటప్పుడు తిరిగిన దూరాన్ని పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేది పదకొండు. సతీష్ లెక్క వేరు. అతను ఊరి పొలిమేర దాటాక మీటరు సున్నా చేస్తాడు, తిరునెల్వేలి పొలిమేరలో చదువుతాడు. "మైలేజీ అంటే హైవేదే. నువ్వు ఊరికే తొక్కతావు, అది తాగతాది" అంటాడు. పెళ్ళిళ్ళలో, చావుల్లో, టీకొట్ల దగ్గర ఆ ఇరవైని అంతమందికి చెప్పి, చివరికి తానే నమ్మేశాడు.

ఇప్పుడు పెదనాయన ఎదుట, దాయాది ఎదుట, సామి ఎదుట తాను నోరు తెరిచి "డీజిలు చాలదు" అంటే ఆ మొహం ఏమైపోతుంది? తెరవకపోతే తన అత్త మొహం ఏమైపోతుంది?

ఊరు దాటి హైవే ఎక్కేసరికి అంకె యాభైఎనిమిది. గుడి ఇంకా నలభైపైన.

హైవే మీద కారు తేలికపడింది. బృంద కాలి బొటనవేలితో తప్ప పెడలు తొక్కడం లేదు. గేర్లు ఒకదాని తర్వాత ఒకటి తామే పడి, ఇంజను చప్పుడు సన్నబడింది. అంకె అక్కడే నిలిచింది. కిలోమీటరు రాళ్ళు వెనక్కి పోతున్నాయి, అంకె మాత్రం తగ్గలేదు. ఒకచోట యాభైతొమ్మిది అయింది కూడా. వెనకనుంచి సతీష్ మెడ సాచి చూసి, అద్దంలో ఆమె కళ్ళు పట్టుకుని కనుబొమలెగరేశాడు. చూసినావా?

బృందకు నిజంగానే గుండె కుదుటపడింది. ఒకవేళ అతనిదే నిజమేమో. ఒకవేళ తన కాలిదే తప్పేమో. ఆ నిమిషంలో మొగుడి ఇరవై నిజం కావాలని ఆమె కోరుకున్నంత గట్టిగా అతను కూడా ఎప్పుడూ కోరుకుని ఉండడు.

టోల్‌గేటు దగ్గర ఆ కుదురు చెదిరింది. శివరాత్రికి కులదైవాలకు పోయే వాన్లు, మేకల్ని ఎక్కించుకున్న ఆటోలు, పిల్లాజెల్లా కిక్కిరిసిన ట్రాక్టర్లు అన్నీ అక్కడే ఉన్నాయి. ముందున్న వాను అద్దానికి అంటించిన టోలు చీటీని మిషను చదవక అడ్డకర్ర లేవడం లేదు. వెనకనుంచి హారన్లు. కారు నిలబడి ఊరికే గురగురలాడుతోంది. యాభై. నలభైఏడు. బృంద చెయ్యి చాచి ఏసీ ఆపింది.

"ఏమ్మా, ఉక్క పోస్తా ఉండాది," అన్నాడు గోపాలకృష్ణన్.

"దీపానికి ఆ చలిగాలి పడదేమో అని బావా."

"దీపం వెలిగించనే లేదు గదమ్మా!"

దామోదరసామి గంట ఒళ్ళో పెట్టుకుని, పక్కకు తిరగకుండానే ఆమె చేతివంక చూశాడు. తర్వాత ఆ చూపు ఆమె చూస్తున్న అంకె మీదికి పోయింది.

సాత్తూరు దాటేసరికి ముప్పై. గుడి ఇంకా ఇరవై చిల్లర. పరవాలేదు, ఆరేడు మిగులు, అనుకుంది బృంద. ఊపిరి పీల్చేలోగా వంతెన పనివాళ్ళు ఎర్రజెండా ఊపి బండ్లన్నిటినీ పక్కదోవ పట్టించారు. గుంతలు, దుమ్ము. ముందు అగ్గిపెట్టెల బస్తాలు వేసుకున్న లారీ. అది నాలుగు అడుగులు వేస్తుంది, నిలుస్తుంది. కారు గేరు పైకి వెయ్యాలా కిందికి దించాలా తేల్చుకోలేక మాటిమాటికీ ఉలిక్కిపడుతోంది. అలా ఉలిక్కిపడ్డప్పుడల్లా ఇంజను ఓ గుక్క తాగుతోంది. పసుపుపచ్చ దీపం వెలిగి, డింగుమని మోగింది.

"ఏందిరా ఆ చప్పుడు?" అన్నాడు గోపాలకృష్ణన్.

"సీటుబెల్టు," అన్నాడు సతీష్ చప్పున.

బృంద వీపున చెమట కారుతోంది. ఇరవైరెండు. పదిహేడు. పక్కదోవ దాటి మళ్ళీ హైవే ఎక్కిన కాసేపటికి అంకె మాయమై దాని చోట మూడు అడ్డగీతలు మిగిలాయి. ఇంతకుముందు అబద్ధమో నిజమో ఏదో ఒకటి చెబుతుండేది. ఇప్పుడు అదీ చేతులెత్తేసింది.

ఆమె మనసులో లెక్క సాగుతోంది. హైవే వదిలి గుడిదోవ పట్టే మలుపు దగ్గరలోనే ఉంది. ఆ మలుపులో ఒక బంకు ఉంది. అదే ఆఖరు. దాని తర్వాత అంతా రేగడి, ముళ్ళచెట్లు, గొర్రెలు. బంకులోకి పోతే ఇంజను ఆపాలి. పోకపోతే...

"అమ్మాయ్."

దామోదరసామి. పొద్దుటినుంచీ ఆయన ఆమెతో నేరుగా ఒక్క మాట ఆడలేదు. ఏది చెప్పినా "ఒరే, మెల్లగా పొమ్మను" అని సతీష్‌తోనే చెప్పించాడు.

"పెదమామా."

"ఈ వండి ఎంతిస్తాది?"

"పెదనాయనా, హైవేలో అయితే..." అని అందుకున్నాడు సతీష్.

"నిన్ను అడగలేదు. దినమూ తోలేది ఈ పిల్ల. నువ్వు చెప్పమ్మా."

బృంద అద్దంలోకి చూసింది. పెట్టె మీదనున్న ఎర్రగుడ్డ అంచును సతీష్ వేళ్ళు నలుపుతున్నాయి. కళ్ళు కిందికి వాలి ఉన్నాయి. ఎవరో తన చొక్కా విప్పేస్తుంటే నిలబడ్డ పిల్లవాడిలా ఉన్నాడు.

"హైవేలో నిదానంగా పోతే పదహారు, పదిహేడు. ఊర్లో పదకొండు. ఈ పొద్దు నిలబెట్టినదీ పాకినదీ కలిపితే ఎనిమిది కూడా ఉండదు పెదమామా."

గోపాలకృష్ణన్ నోరు తెరవబోయాడు. దామోదరసామి గంట ఉన్న చెయ్యి పైకెత్తాడు, ఆ నోరు మూసుకుంది.

"గుడిదాకా పోతాదా?"

"పోతే పోతాది. లేకుంటే రేగట్లో నిలిచిపోతాది. డీజిలు పూరా ఎండితే తర్వాత తెచ్చి పోసినా వెంటనే స్టార్టు కాదు. గొట్టాల్లో గాలి చేరతాది. మెకానిక్కు రావాల."

"ముందే ఏల చెప్పలే?"

బృంద అద్దంలో సతీష్ వంక చూసి చూపు తిప్పుకుంది. పెద్దాయన వెనక్కి తిరిగి సతీష్‌ను ఒకసారి, మళ్ళీ ఆమెను ఒకసారి చూశాడు. "సరి. తెలిసె," అన్నాడు.

"ఇంజను ఆడతా ఉండంగానే పొయ్యమంటే పొయ్యరా?" అన్నాడు గోపాలకృష్ణన్. "నాకు తెలిసిన బంకువాడు..."

"టపాకాయల ఫ్యాక్టరీలు పేలే వెంబకోట్టై పక్కన పుట్టి ఈ మాట అంటా ఉండావా? ఎంతమంది కాలిపోతే నీకు బుద్ధొస్తాది?" అన్నాడు దామోదరసామి.

మలుపు కనిపిస్తోంది. బంకు జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. బృంద ఎటు తిప్పాలో తెలియక రోడ్డు అంచున, ముళ్ళచెట్టు నీడలో నిలిపింది. ఇంజను ఆడుతూనే ఉంది. ఆ చప్పుడులో ఎక్కడైనా తడబాటు వినిపిస్తుందేమోనని ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుంది.

దామోదరసామి కళ్ళు మూసుకున్నాడు. సామిని తలుచుకుంటున్నాడో, లెక్క వేస్తున్నాడో. కళ్ళు తెరిచి తలుపు తీశాడు.

"మా తాత కాలంలో ఒకసారి ఇరుసు విరిగింది. పెట్టెను తలకెత్తుకుని, ఆమీదనే కాడి దించినారంట. పెట్టె దిగినాక వండి వట్టి వండే. సతీషూ, దిగు."

"నేనా?"

"వంతు నీది. నెత్తి కూడా నీదే."

"బంకు అవతలిదాకానా పెదనాయనా?"

"తలకెక్కితే మళ్ళీ వండెక్కదు. గుడి వాకిట్లోనే దిగాల."

సతీష్ ఆ దోవవంక చూశాడు. ఎండలో తారు నీళ్ళలా మెరుస్తోంది. గుడి గోపురం కాదు గదా, ఊరి చెట్లు కూడా కనబడటం లేదు. "నా మోకాలు..." అన్నాడు.

"ఇరవై ఇచ్చే వండి తోలినవాడివి. ఈ కాస్త దూరానికేంది?"

ఆ మాట అన్నది గోపాలకృష్ణన్. అని తానే నాలుక కరుచుకున్నాడు.

తువాలు చుట్టి కుదురు చేశారు. పెట్టె సతీష్ తల మీదికి ఎక్కింది. చెప్పుల్లేని కాళ్ళు తారుమీద ఒకసారి చుర్రుమని, నిలదొక్కుకున్నాయి. గోపాలకృష్ణన్ గొడుగు విప్పాడు. పెద్దాయన గంట మోగిస్తూ ముందు నడిచాడు. ముగ్గురూ మలుపు తిరిగేదాకా బృంద కదలలేదు.

బంకులో మనిషి గొట్టం పట్టుకుని వచ్చి, ఇంజను ఆపమని తమిళంలో చెప్పాడు. మీట మీద ఆమె వేలు నిలిచిపోయింది. అతను మళ్ళీ చెప్పాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. సీటు మీద రాలిన బంతిరేకులు, కాస్త పసుపు. పెట్టె లేదు. నిజంగా లేదు. నొక్కింది.

పొద్దుటినుంచీ ఒంట్లో నాడిలా ఆడుతున్న చప్పుడు టక్కున ఆగింది. ఆమెకు తన ఊపిరి తనకే వినిపించింది.

పోయించుకుని మళ్ళీ మీట నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుంది. స్టార్టయింది.

వాళ్ళు ఎంతో దూరం పోలేదు. బృంద హెచ్చరిక లైట్లు వేసుకుని వాళ్ళ వెనక నడక పోకడన వచ్చింది. అంకె ఇప్పుడు ఎంతో పెద్దది చూపిస్తోంది. ఆమె దానివంకే చూడలేదు. ఆమె చూపంతా సతీష్ ఎడమ కాలి మీదే ఉంది. ఆ కాలు నేలకు ఆనినప్పుడల్లా నడుము ఒక పక్కకు ఒరుగుతోంది, తలమీది పెట్టె అటే ఊగుతోంది. బండి ఆగితే మాట పోతుంది. పెట్టె పడితే? కారులో ఉన్నప్పుడు తన కాలికింద బ్రేకన్నా ఉంది. ఇప్పుడు ఆమె చేతిలో ఏదీ లేదు. దిగి పట్టుకుందామన్నా వంతువాడు తప్ప ఇంకొకరు తాకకూడదు.

పొలాల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు గంట విని పరిగెత్తుకొచ్చారు. బిందెలతో నీళ్ళు తెచ్చి సతీష్ కాళ్ళమీద పోశారు. తడి తారుమీద నాలుగు అడుగులు నిలకడగా పడ్డాయి. మళ్ళీ ఒరుగు. గోపాలకృష్ణన్ వెక్కిరింతలన్నీ ఎండకు ఆవిరైపోయాయి. "మెల్లగా తమ్ముడా, మెల్లగా" అని ఒకటే మాట. దామోదరసామి వెనక్కి తిరిగి చూడకుండానే గంటను మందగించాడు. ఆ మోకాలు ఎంత నెమ్మదిగా అడుగు వేయగలదో అంత నెమ్మదిగా మోగించాడు. దాన్ని పట్టుకుని సతీష్ నడిచాడు. ఒకచోట గొర్రెల మంద అడ్డం వచ్చింది. బృంద హారన్ మీద చెయ్యి పెట్టబోయి, ఆ చప్పుడుకు అతను ఉలిక్కిపడితేనో అని వెనక్కి తీసుకుంది.

గుడి వాకిట్లో పెట్టె దిగేటప్పటికి సతీష్ పెదవులు తెల్లబడి ఉన్నాయి. దించిన మరుక్షణం అతను పెట్టె పక్కనే కూలబడ్డాడు. చూసినవాళ్ళు సామికి మొక్కుతున్నాడనుకున్నారు.

దాయాదులు మూగారు. "వండి ఏమాయె? నడిచి తెచ్చినారేమి?"

దామోదరసామి అందరివంకా చూశాడు.

"సామి నడిచి రావాలనుకున్నాడు," అన్నాడు పెద్దాయన. "మలుపు దగ్గర దిగినాడు."

ఆడవాళ్ళు నాలుకలాడిస్తూ మంగళంగా కురవలు పెట్టారు. ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. "అట్లయితే ఇకమీదట ప్రతి ఏడూ ఆడనుంచి నడిపించే తేవాల" అని ఒకడు, "అవునవును, బంకు కాడినుంచి" అని ఇంకొకడు, అప్పుడే ఖాయం చేసేశారు. వచ్చే ఏటి వంతు దాయాది పొట్ట బాగా ముందుకొచ్చిన మనిషి. ఆ మాట వింటూ నెమ్మదిగా పాలిపోయాడు. దామోదరసామి ఏదో అనబోయి మానుకున్నాడు. అన్న మాట ఆయన చెయ్యి కూడా దాటిపోయింది.

బృంద జనాన్ని తప్పించుకుని గుడి వెనక పొయ్యిల దగ్గరికి పోయింది. పొగలో నాగమ్మాళ్ ఒక్కతే గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కురవలు ఆమె కూడా వింది, సామి నడిచిన కథ కూడా అప్పుడే ఆమెదాకా వచ్చి ఉంటుంది. ఆమె కోడలి మొహంలోకి చూసింది.

"ఇంజను ఆగిందా?"

అవునంటే ఏమవుతుందో బృందకు తెలుసు. కాదంటే అడిగేవాళ్ళెవరూ లేరనీ తెలుసు.

"ఆగింది అత్తా. నేనే ఆపినాను."

నాగమ్మాళ్ గరిటె కదలలేదు.

"పెట్టె దిగక ముందా, దిగినాకనా?"

"దిగినాక. సీటు తిరిగి చూసి, లేదని తెలిసినాకే ఆపినాను."

పొగకో, మరెందుకో నాగమ్మాళ్ కళ్ళలో నీళ్ళు నిలిచాయి. కొంగుతో తుడుచుకుని గరిటె ఆమె చేతికిచ్చింది.

"అడుగంటతా ఉండాది. కలియబెట్టు. వాడికి మజ్జిగ పోసి వస్తాను."